పావుగంట ఆగిన చెయ్యి

నేను మనుషుల్ని కొట్టాను. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను మంచివాడనుకుని ఎవరూ మోసపోకూడదు. తోటి పనివాళ్లను కొట్టాను. బస్సు ఎక్కే తోపులాటలో నా కాలు తొక్కిన పాపానికి ముక్కూ మొహం తెలీని మనిషిని కొట్టాను. అందరికంటే ఎక్కువగా నా భార్యను కొట్టాను, మస్కట్ ఊళ్లోని రూవిలో, మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునే ఒక గదిలో. ఎప్పుడో చనిపోయిన ఒక ఫ్రెంచి సంగీతకారుడు లేకపోతే ఇదంతా నేను కాగితం మీద పెట్టేవాణ్ణి కాదు. ఆయన రాసిన ఒక సంగీతానికి మస్కట్‌లో నేను డ్రమ్ వాయించాను. ఒక్కసారే. అది పావుగంట సాగింది.

మాది కడప జిల్లా. మా ఇంట్లో పలక వాయించడం తాతల నాటి నుంచీ ఉంది. డప్పును మా వైపు పలక అంటారు. మా నాన్న నన్ను కూర్చోబెట్టి నేర్పలేదు. పక్కన నిలబెట్టుకుని వాయించేవాడు. నా దెబ్బ తప్పిందంటే చేతిలోని పుల్లతోనే నా మోకాలి చిప్ప మీద ఒకటి పీకేవాడు. తమాషా ఏమిటంటే, నన్ను కొట్టి మళ్లీ పలక మీదికి వచ్చేలోపు ఆయన తాళం ఒక్క వెంట్రుకవాసి కూడా తెగేది కాదు. అంత నిగ్రహం ఉన్న చెయ్యి అది. అదే చేత్తో ఇంటికొచ్చి అమ్మను కొట్టేవాడు. తెల్లారి గ్లాసులో టీ ఊదుకుంటూ, "ఏం జేసేదిరా, కోపమొస్తే చెయ్యి నా మాట యినదు" అనేవాడు. అమ్మ కూడా అవునన్నట్టు తల ఊపేది. షుగర్ జబ్బు లాగా అది కూడా మా రక్తంలో ఉందని నేను నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉండింది, ఆ సంగతి ఇప్పుడు తెలుస్తోంది.

పలకకు ఒక పద్ధతి ఉంది. గడ్డి మంట వేసి తోలు కాగబెడతాం. బిగుసుకున్నాక మెల్లగా మొదలు పెడతాం. జాతరలో అమ్మవారి ముందు వాయించేటప్పుడు చప్పుడు పెరిగేకొద్దీ పరుగు పెరుగుతుంది, పరుగు పెరిగేకొద్దీ చప్పుడు పెరుగుతుంది. కాళ్లు వాటంతటవే ఎగురుతాయి. ఎవరికో పూనకం వస్తుంది, మేకపోతు తల తెగుతుంది, మేం ఇంకా వేగంగా కొడతాం. గట్టిగా కొడుతూ నెమ్మదిగా కొట్టడం అనేది మాకు తెలీదు. అలా ఎవడైనా కొడితే వాడికి ఒంట్లో బాగాలేదనుకుంటాం.

ఇంటర్ పాసయ్యాక కొన్నాళ్లు ఖాళీగా తిరిగి, వీసా దొరికి ఒమన్ వచ్చాను. మొదట ఇబ్రాలో సైట్. స్కాఫోల్డింగ్ పని, ఇనప పైపులు నిలబెట్టి బిగించి, గోడలు కట్టేవాళ్లకు మెట్టు మీద మెట్టు దారి వెయ్యడం. ఒకరోజు పొద్దున్నే ఇంజనీరు నా మీద విరుచుకుపడ్డాడు. బిగింపులు వదులుగా ఉన్నాయని నానా బూతులూ తిట్టి, తలకు పెట్టుకునే టోపీ తీసి నా రొమ్ము మీదికి విసిరాడు. "సారీ సార్" అన్నాను. టోపీ వంగి తీసి, దుమ్ము దులిపి, ఆయన చేతికే ఇచ్చాను. మధ్యాహ్నం అన్నాల దగ్గర నాతో పని చేసేవాడొకడు నన్ను చూసి నవ్వాడు. అంతే, చేతిలో ఉన్న స్పానర్‌తో మూతి మీద కొట్టాను. మూడు పళ్లు అన్నం పళ్లెంలో పడ్డాయి. వాడు కిందపడ్డాక కూడా తన్నాను. నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు. పోలీసులు, స్టేషను, కాగితాలు. పళ్లు పోయినవాడు నా ఏడుపు చూసి కేసు వెనక్కి తీసుకున్నాడు. ఇంకొక్క గొడవైతే విమానం ఎక్కిస్తామని చెప్పి కంపెనీ నన్ను రూవికి మార్చింది.

"చెయ్యి నా మాట వినలేదు సార్" అని వాళ్లకూ చెప్పాను. పొద్దున ఇంజనీరు దగ్గర అదే చెయ్యి ఎంత బుద్ధిగా మాట విన్నదో నాకు గుర్తే రాలేదు.

నా భార్య మా అక్క కూతురు. నన్ను "మామా" అంటుంది. ఊళ్లో ఉండగా, పెళ్లయిన కొత్తల్లోనే కొట్టాను, ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో. పుట్టింటికి వెళ్లి మా అక్కతో ఆమె చెప్పిన మాట నాకు తర్వాత తెలిసింది. "ఆయన మంచోడేమ్మా, ఆయనకుండే కోపం చెడ్డది" అందట. నన్నూ కోపాన్నీ అలా వేరు చేసి పెట్టుకుంది పిచ్చిది. దర్గాకు వెళ్లి తాయెత్తు తెచ్చి నా కుడి జబ్బకు కట్టింది, కోపం దిగాలని. తర్వాత ఇంటిపని వీసా మీద తనూ మస్కట్ వచ్చింది. రూవి పక్కనే దార్సైట్‌లో, కోస్తా నుంచి వచ్చిన ఒక కుటుంబం ఇంట్లో పని. సారు ఆఫీసులో పెద్ద ఉద్యోగం, మేడమ్ ఇంట్లో పిల్లలకు వయొలిన్ నేర్పుతుంది. పగలంతా అక్కడ పని చేసి సాయంత్రానికి రూవిలో మా గదికి వచ్చేది. ఒంటి మీద ఏదైనా కమిలి కనబడితే "బాత్రూమ్‌లో జారినా మేడమ్" అని చెప్పేది. ఎన్నిసార్లు జారుతుంది మనిషి! ఆ మేడమ్ నమ్మలేదు, కానీ మొదట్లో ఏమీ అనలేదు.

ఆ మేడమ్ మస్కట్‌లో ఉన్న రకరకాల దేశాలవాళ్లు కలిసి నడుపుకునే ఒక ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేది. డాక్టర్లు, టీచర్లు, ఇంజనీర్లు, శుక్రవారం సెలవు కదా, మధ్యాహ్నం ఒక హాల్లో కలిసేవాళ్లు. ఒకరోజు ఆమే నాకు ఫోన్ చేసింది.

"ఏమయ్యా, నువ్వు డప్పు బాగా వాయిస్తావటగా? మీ ఆవిడ చెప్పింది. మా డ్రమ్ వాయించే ఆయన సైకిల్ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఇంకో నెల్లో ప్రోగ్రామ్. ఒక్కసారి వచ్చి చూడకూడదూ?"

ఎగిరి గంతేశాను. ఇన్నేళ్ల తర్వాత నా చేతికి పని చెప్పేవాళ్లు దొరికారు.

హాల్లో అరవైమంది దాకా ఉన్నారు. వాళ్లను నడిపించేది ఒక ఫ్రెంచి ముసలావిడ. సన్నగా, పొట్టి జుట్టుతో, చేతిలో తెల్లటి పుల్లతో. మా సైట్‌లో ఫోర్‌మన్ ఎలా ఉంటాడో అలాగే ఉంది, ఒకే ఒక్క చూపుతో ఎవరేం తప్పు చేస్తున్నారో పట్టేస్తుంది. నాకిచ్చిన డ్రమ్ నడుమెత్తు స్టాండు మీద ఉంది. కింది తోలుకు ఆనుకుని సన్నటి తీగలున్నాయి, కొడితే గరగరలాడుతుంది. నాకు వాళ్ల కాగితాలు చదవడం రాదు కాబట్టి, ఆవిడ బల్ల మీద వేళ్లతో కొట్టి చూపించింది. రెండు వరసల దెబ్బలు. ఒకటి మూడు, ఒకటి మూడు, ఒకటి ఒకటి. మళ్లీ ఒకటి మూడు, ఒకటి మూడు, ఆపైన మూడు, మూడు. ఇంతే. మొదలు నుంచి చివరిదాకా ఇవే రెండు వరసలు, నూటయాభైకి పైగా సార్లు. ముందు చెవికి వినపడీ వినపడనట్టు, చివరికి హాలు దద్దరిల్లేటట్టు. నవ్వొచ్చింది నాకు. దీనికోసం నెల రోజులా!

మొదలుపెట్టాం. ఒక పిల్లనగ్రోవి లేచింది, తర్వాత ఇంకోటి, తర్వాత ఇంకేదో గొట్టం. ఒక్కొక్కరూ అదే రాగాన్ని అందుకుంటున్నారు. చప్పుడు మెల్లగా లావెక్కుతోంది. నా ఒళ్లు పులకరించింది. ఇది జాతరే కదా, మాకు తెలిసిందే కదా అనుకున్నాను. పిక్కలు బిగుసుకున్నాయి, మడమలు లేచాయి, చేతులు వాటి దారిన అవి పోయాయి.

ఫ్రెంచావిడ పుల్లను నేలకేసి కొట్టింది. అందరూ ఆగిపోయారు. ఊదేవాళ్లు రొప్పుతున్నారు, ఒకాయన మొహం వంకాయలా నల్లబడిపోయింది. ఆవిడ నా మీద అరిచిన అరుపు హాలంతా వినపడింది. పరిగెత్తావు, అందరినీ పరిగెత్తించావు, ఇది పరుగు పందెమా అని. మేడమ్ మెల్లగా తెలుగులో చెప్పింది. "శబ్దం పెరగాలిగానీ వేగం పెరగకూడదట. మొదట ఎంత నెమ్మదో చివరిదాకా అంతే నెమ్మదట."

"అదెట్ల కుదురుతాది మేడమ్? చప్పుడు పెరిగితే పరుగు పెరగాల్సిందే గదా!" అన్నాను.

ఫ్రెంచావిడ తల అడ్డంగా ఊపి మళ్లీ మొదలుపెట్టించింది. మళ్లీ పరిగెత్తాను. మళ్లీ అరిచింది. అరవైమంది ముందు ఒక ముసలిది నన్ను అట్లా తిడుతుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ నోరెత్తలేదు. "సారీ మేడమ్" అన్నాను, చేతులు కట్టుకుని. ఆ సాయంత్రం గదికొచ్చి, "ఎట్ల జరిగింది మామా?" అని నవ్వుతూ అడిగిన మనిషి మొహాన వేడి వేడి పప్పు గిన్నె విసిరాను. చెంప కాలింది. ఆమె చేసిన తప్పు నవ్వడమే.

రెండో శుక్రవారం, మధ్యలో టీ తాగేటప్పుడు, ఫ్రెంచావిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఈ సంగీతం రాసినాయన గురించి చెప్పింది. మేడమ్ నాకు తెలుగు చేస్తూ పోయింది. ఆయన చాలా పొట్టి మనిషట. పెద్ద యుద్ధం వచ్చినప్పుడు విమానం నడుపుతానని పోతే, నువ్వు మరీ బక్కగా ఉన్నావని తీసుకోలేదట. పట్టువదలకుండా లారీ డ్రైవరుగా పోయి, గుండ్లు పడుతున్న రోడ్ల మీద సామాన్లు మోశాడట. నాకు ఆ మనిషి అప్పుడే నచ్చాడు. వాళ్ల నాన్న యంత్రాలు కనిపెట్టే ఇంజనీరట, ఈయనకు ఫ్యాక్టరీలంటే ఇష్టమట. ఈ సంగీతం ఒక నాట్యం కోసం రాసినా, వెనకాల ఫ్యాక్టరీ కనపడితే బాగుంటుందని అనుకునేవాడట. ఒకసారి ఎవరో చాలా గొప్పాయన దీన్ని తొందర తొందరగా నడిపిస్తే, అంత గొప్పాయనతోనూ ఒప్పుకోకుండా తగువు పడ్డాడట.

"పరుగంటే ఆయనకు అంత కోపం ఎందుకు మేడమ్?" అని అడిగాను.

దానికి ఫ్రెంచావిడ చెప్పింది నేను మరిచిపోలేను. పరిగెత్తితే బరువంతా పోతుందట. పరుగులో మనిషి తప్పించుకుంటాడట. అదే జోరును అదే నడకలో పట్టి ఉంచితే, వినేవాళ్లకు భయం వేస్తుందట. ఈ సంగీతంలో ఉన్నదంతా ఆ భయమేనట, చివర్లో అంతా ఒక్కసారిగా కూలిపోతుంది కదా, అందాకా పట్టి ఉంచాలట. ఆ మనిషికి ముసలితనంలో మెదడుకు జబ్బు చేసి, తలలో సంగీతం వినపడుతున్నా చెయ్యి రాయలేకపోయేదట. సంతకం కూడా పెట్టలేకపోయాడట. తల తెరిచి ఆపరేషన్ చేస్తే బతకలేదట.

అయ్యో పాపం అనిపించింది. నిజంగా మాట వినని చెయ్యి అంటే అది. కానీ ఆ రోజు నాకు ఆ మాట తట్టలేదు. ఆయన చెయ్యీ నా చెయ్యీ ఒకటే అనుకున్నాను, నా మీద నాకే జాలి వేసింది.

ఆవిడ నాకు పని నేర్పింది. గట్టిగా కొట్టాలంటే భుజం వాడొద్దు, పుల్లను ఇంకో అంగుళం పైకెత్తు, అంతే. మొదట డ్రమ్ అంచు మీద కొట్టు, జోరు పెరిగేకొద్దీ మెల్లగా నడిమధ్యకు జరుగు. బలం వేరు, పరుగు వేరు. ఫోనులో టిక్కు టిక్కుమని కొట్టే ఒకటి పెట్టించి, రోజూ దానితో సాధన చెయ్యమంది.

గదిలో రబ్బరు చెప్పు బోర్లా పెట్టి దాని మీద కొట్టేవాణ్ణి. నా భార్య ఎదురుగా కూర్చుని ఫోను పట్టుకునేది. నేను కొడుతుంటే నాకు టిక్కు వినపడేది కాదు. ఆమె వినేది. తాళం దాటితే చెప్పేది. ఆమెకు ఎంత సంతోషమో! పొద్దంతా ఇల్లు తుడిచి, అంట్లు తోమి వచ్చి, మళ్లీ నాకోసం ఫోను పట్టుకుని కూర్చునేది. "ఈ పాటొస్తే నీ కోపం గూడా రొంత తగ్గుతాదేమో మామా" అంది ఒకరోజు. ఆ మాటకు నవ్వాను.

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి స్నానం కూడా చెయ్యకుండా కూర్చున్నాను. ఆ రోజు ఎండ మండిపోయింది, సైట్‌లో ఫోర్‌మన్‌తో మాటపడ్డాను. సగం దాకా బాగానే వచ్చింది.

"పరిగెత్తినావు మామా."

మళ్లీ మొదటికి వచ్చాను.

"మల్లా పరిగెత్తినావు."

మళ్లీ మొదలుపెట్టాను. నెత్తురు చెవుల్లో కొట్టుకుంటోంది.

"మామా, ఇప్పుడు గూడా..."

"తాళం గురించి నీకేం తెలుసే! నువ్వా నాకు సెప్పేది?" పుల్ల ఎత్తి మొహం మీదికి వేశాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫట్‌మంది. విరిగింది పుల్లా, ఎముకా అని చూశాను. రెండూ విరిగాయి. పుల్ల రెండు ముక్కలైంది, ఎముక సన్నగా చిట్లింది. ఆ విరిగిన ముక్కతో ఇంకో రెండు కొట్టాను, వీపు మీద. ఆమె అరవలేదు. పక్కగదివాళ్లు వింటారని నోరు నొక్కుకుంది. ఫోను మాత్రం నేల మీద పడి టిక్కు టిక్కుమంటూనే ఉంది, దాన్ని కాలితో తన్నాను.

తర్వాత ఏడ్చాను. అది దొంగ ఏడుపు కాదు. నా ఏడుపు ఎప్పుడూ నిజమే, అదే దానిలో ఉన్న దుర్మార్గం. కాళ్లు పట్టుకున్నాను. బిర్యానీ తెచ్చి నా చేత్తో కలిపి తినిపించాను. "ఏం జేసేదే, కోపమొస్తే చెయ్యి నా మాట యినదు" అన్నాను. "తెలుసులే మామా" అని నా తల నిమిరింది, బాగున్న చేత్తో.

మర్నాడు సారు ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించాడు. స్టూలు మీంచి పడ్డానని చెప్పిందట. ఈసారి మేడమ్ ఊరుకోలేదు. సాయంత్రం నా భార్య గదికొచ్చి, దాచుకోకుండా నాతోనే చెప్పింది.

"మేడమ్ ఇంగ నీ కాడికి పోవద్దంటాంది. వాళ్లింట్లో గది ఉండాది, ఈడ్నే ఉండిపో, వానితో మేం మాట్లాడతాం అనింది."

"నువ్వేమన్యావ్?"

"జబ్బు మనిషిని ఇడిసిపెట్టి నేను ఎట్ల ఉండేది మేడమ్ అన్యా. కాలు ఇరిగినోణ్ణి నడువు అంటే నడుస్తాడా? ఆయన చెయ్యి అట్లాంటిది. ఆయన ఆపుకోలేడు అని సెప్పినా." కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, నన్నే చూస్తూ, "నేను తప్పు సెప్పలే గదా మామా?" అంది.

"లేదు" అన్నాను. ఆ ఒక్క మాట మీదే ఆమె నా దగ్గర ఉంది. నాకది తెలుసు. ఆమె నమ్మినంత కాలం నాకు భయం లేదు.

మేడమ్ ఆర్కెస్ట్రాలో నాతో మాట్లాడడం మానేసింది. నన్ను తీసేయమని ఫ్రెంచావిడతో చెప్పి ఉండొచ్చు, చెప్పలేదు. ప్రోగ్రామ్‌కు పది రోజులే ఉంది మరి. మూడో శుక్రవారం నేను చివరిదాకా పరుగెత్తకుండా నిలబడ్డాను. ఎలా వచ్చిందో చెప్పలేను. పాదాలు నేలకు మేకులేసి కొట్టినట్టు పెట్టుకున్నాను, మడమ లేవనివ్వలేదు. ఫ్రెంచావిడ నా వైపు చూసి చిన్నగా తల ఊపింది.

ప్రోగ్రామ్ రోజు సాయంత్రం హాలు నిండిపోయింది. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, రూవిలో కొన్నవి. నా భార్య సారు పక్కన మూడో వరసలో కూర్చుంది, మేడమ్ ఇచ్చిన పట్టుచీర కట్టుకుని, కొంగు కింద కట్టు దాచుకుని. ఆమె జీవితంలో అట్లాంటి హాల్లోకి రావడం అదే మొదటిసారి. నాకూ అంతే.

అంచు మీద మొదలుపెట్టాను. నా శ్వాస నాకు వినపడుతోంది, అంత నిశ్శబ్దం. పిల్లనగ్రోవి లేచింది. ఒకటి మూడు, ఒకటి మూడు, ఒకటి ఒకటి. గొట్టాలు ఒకదాని తర్వాత ఒకటి కలుస్తున్నాయి. ఐదు నిమిషాలైంది. జోరు పెరుగుతోంది. అంగుళం పైకెత్తాను, కాస్త లోపలికి జరిగాను. పది నిమిషాలైంది. వయొలిన్లన్నీ ఒక్కసారిగా లేచాయి. నా ఒంట్లో కూడా లేచింది, అదే, నాకు బాగా తెలిసినదే. దవడలు బిగుసుకున్నాయి. కళ్ల ముందు ఎర్రగా అయింది. ఇబ్రాలో పళ్లెం మీదికి పళ్లు రాలినప్పుడు ఎలా ఉందో, గదిలో పుల్ల ఎత్తినప్పుడు ఎలా ఉందో, అచ్చం అలాగే. చేతులు పరిగెత్తాలని పీకుతున్నాయి. ఎవరినైనా చంపెయ్యాలన్నంత ఉంది లోపల. బాకాలు అరుస్తున్నాయి, వెనక పెద్ద డ్రమ్ములు మోగుతున్నాయి, నేల అదురుతోంది, ఫ్రెంచావిడ కళ్లు నిప్పులు కక్కుతున్నాయి. నేను మాత్రం అదే నడక. ఒకటి మూడు, ఒకటి మూడు, మూడు, మూడు. నడిమధ్యకు వచ్చేశాను, నా శక్తి కొద్దీ కొడుతున్నాను, ఒక్క దెబ్బ కూడా ముందుకు పోనివ్వలేదు. చివర్లో రాగం ఉన్నట్టుండి ఇంకెక్కడికో ఎగిరింది, తర్వాత ఎత్తుగా కట్టిన స్కాఫోల్డింగ్ మొత్తం ఒక్కసారి కూలినట్టు అందరం కలిసి కూలిపోయాం.

తర్వాత చప్పట్లు. జనం లేచి నిలబడి కొట్టారు. ఫ్రెంచావిడ అందరినీ దాటుకుని నా దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టి పైకెత్తింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాన్న చూసి ఉంటేనా అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, బతుకులో అంత సంతోషం నాకు ఎప్పుడూ లేదు.

బయట కార్లు పెట్టుకునే చోట నా భార్య నిలబడి ఉంది. సారూ మేడమూ కొంచెం దూరంలో కారు దగ్గర ఉన్నారు. నేను దాదాపు పరిగెత్తుకుంటూ వెళ్లాను.

"ఎట్లుండాది మే?"

"బాగా వాయించినావు మామా."

"సూస్తివా, అందరూ లేసి నిలబడినారు! ఆ ముసలిది నా చెయ్యి పట్టుకుని..."

"నేను పాట యినలే" అంది. గొంతు మామూలుగానే ఉంది. "నీ చెయ్యే సూస్తా కూచున్నా. కడాకు నీ మొగం మారింది. ఆ మొగం నాకి తెలుసు. దాని తరవాత ఏమొస్తాదో తెలిసి, ఆడ కుర్చీలోనే ముడుక్కున్నా. పక్కన సారు ఏమైందమ్మా అన్న్యాడు. ఏమీ రాలే. నీకు ఒళ్లంతా కోపమే, నాకు తెలియదా? అయినా చెయ్యి ఆగింది. యాడ ఉండాల్నో ఆడ్నే ఆగింది."

"అది పాట మే. దానికీ దీనికీ..."

"పద్నాలుగేండ్లు, మామా. జబ్బనుకున్నా. మా అమ్మతో తగువులాడినా, ఆయన ఆపుకోలేడని. మొన్న మేడమ్ తోనూ అదే సెప్పినా. నువ్వు ఆపుకోగలవు. ఆడ ఆపాలనుకున్యావు, ఆపినావు. నా కాడ ఆపాలని ఎప్పుడూ అనుకోలే. అంతే గదా?"

ఇంత సంతోషం మీద నీళ్లు పోస్తుందా అని ఒళ్లు మండింది. చెయ్యి లేచింది. భుజం దాకా లేచింది, చెంప మీదికి రావలసిన చెయ్యి. ఆమె మొహం తిప్పుకోలేదు, కట్టు ఉన్న చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. నా చేతినే చూస్తూ నిలబడింది, హాల్లో చూసినట్టే.

చెయ్యి ఆగింది. నలుగురూ చూస్తున్నారని ఆగిందో, సారు ఇటు అడుగు వేశాడని ఆగిందో, ఎందుకో నాకు తెలీదు. గాల్లో, ఆమె చెంపకు జానెడు దూరంలో ఆగిపోయింది.

"సూడు మామా," అంది మెల్లగా, "ఇప్పుడు గూడా ఆగింది."

చెయ్యి దించడం కూడా మరిచిపోయాను. ఆమె కొంగు సర్దుకుని కారు వైపు నడిచింది. మేడమ్ వెనక తలుపు తెరిచి పట్టుకుంది. ఎక్కేముందు నా భార్య ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుందనుకున్నాను, చూడలేదు. ఏడవనూ లేదు. ఏడ్చి ఉంటే ఏం చెయ్యాలో నాకు తెలుసు. కాళ్లు పట్టుకునేవాణ్ణి, బిర్యానీ తెచ్చి తినిపించేవాణ్ణి, చెయ్యి నా మాట వినదని చెప్పేవాణ్ణి. కారు దార్సైట్ వైపు వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను, చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే, అది ఇక ఎవరితోనూ చెప్పలేను.